రూటు కింద మైనస్ వస్తే పెన్ను ఆపకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

వర్గ సమీకరణంలో విచక్షణి (సూత్రంలో రూటు కింద ఉండే బి² − 4ఎసి) సున్నా కంటే తక్కువ వస్తే "వాస్తవ మూలాలు లేవు" అని రాసి పేజీ తిప్పేయడం పదో తరగతి అలవాటు. ఇంటర్‌లో లెక్క మొదలయ్యేదే అక్కడ. తొమ్మిదో శతాబ్దంలో గణితవేత్త మహావీరాచార్యుడు కూడా ఋణ సంఖ్యకు వర్గమూలం ఉండదనే రాశాడు (ఆయన గణితాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు). ఇటలీలో గణితవేత్త కార్డానో 1545లో ఆ గీత దాటాడు: 10ని రెండు ముక్కలు చెయ్యాలి, వాటి లబ్ధం 40 కావాలి.

ఒక ముక్క ఎక్స్, రెండోది 10 − ఎక్స్. గుణించి సర్దితే:

ఎక్స్² − 10ఎక్స్ + 40 = 0

ఎ = 1, బి = −10, సి = 40. విచక్షణిని పక్కన విడిగా కట్టండి: బి² − 4ఎసి = 100 − 160 = −60. బి²ని −100 అని వేసేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. బ్రాకెట్ లేకుండా −10² అని కొడితే చాలా కాలిక్యులేటర్లు కూడా అదే చూపిస్తాయి.

√−60 కనబడగానే, ఇంకేమీ చెయ్యకముందే, మైనస్‌ని ఐగా బయటికి లాగండి (ఐ² = −1). 60 = 4 × 15 కాబట్టి అది 2ఐ√15. ఐని రూటుకి ముందే రాయండి. వెనక రాస్తే గీత సాగి దాన్నీ కప్పేస్తుంది.

ఎక్స్ = (−బి ± √విచక్షణి)/2ఎ = (10 ± 2ఐ√15)/2 = 5 ± ఐ√15

మొత్తం 10. లబ్ధం 25 − 15ఐ² = 25 + 15 = 40. కుదిరింది.

ఐని ముందే తీయమనడం నా చాదస్తం కాదు. √−4 × √−9ని రూటు కిందే కలిపేస్తే √36, అంటే 6 వస్తుంది. తీసి చేస్తే 2ఐ × 3ఐ = −6. సరైంది ఇదే. లోపల రెండూ ఋణాలైతే రూట్లను కలిపే సూత్రం చెల్లదు.

ఎ విలువ 1 కానప్పుడు ఇంకో గొయ్యి. 2ఎక్స్² + 6ఎక్స్ + 5 = 0లో విచక్షణి −4, ఎక్స్ = (−6 ± 2ఐ)/4. హడావిడిలో −6ని మాత్రం 2తో కొట్టేసి 2ఐని అలాగే వదిలేస్తారు. పైన రెండు పదాలనూ కొట్టాలి: (−3 ± ఐ)/2. మూలాల లబ్ధం 10/4 = 5/2, సరిగ్గా రావాల్సిన సి/ఎ.

గుణకాలు (ఎ, బి, సి) వాస్తవ సంఖ్యలైతే ఈ మూలాలు సంయుగ్మ జంటగానే (ఐ ముందు గుర్తు మాత్రమే మారే జతగా) వస్తాయి. గుణకంలోనే ఐ ఉంటే ఆ భరోసా లేదు: ఎక్స్² − ఐఎక్స్ = 0కి మూలాలు 0, ఐ.

3ఎక్స్² − 2ఎక్స్ + 1 = 0 చేసి పంపండి. లబ్ధం 1/3 రాకపోతే √8 దగ్గర మళ్లీ చూసుకోండి.

మీ పెదనాన్న