పాలకొల్లు మాండలిన్ నుంచి తీర్థాల ప్యాడ్ల దాకా

కోనసీమ తీర్థాలకు (ఊరి జాతరలకు), సంక్రాంతి సంబరాలకు వేసే వేదికల మీద డోలు, తాషా, డప్పు పక్కన ఇప్పుడు కీబోర్డు, ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వచ్చి కూర్చున్నాయి. సంప్రదాయం మంటగలిసిపోతోందని పెద్దలు, కాలంతోపాటు నడవాలని కుర్రకారు వాదించుకుంటున్నారు. గోదావరి డెల్టాకు ఈ వాదన కొత్తదేమీ కాదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఇక్కడ పంటకు నిలకడ వచ్చింది. కోతలయ్యాక నాటకం ఆడించుకునే స్తోమత ఊళ్లకు కలిగింది. ఆ పద్యనాటకానికి ప్రాణమైన హార్మోనియం పుట్టింది పారిస్‌లో, 1842లో. కాళ్లతో తొక్కే ఆ పెట్టెను కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో తిత్తి ఊదేలా మార్చాక, నేల మీద కూర్చుని వాయించే మన పద్ధతికి అది ఒదిగింది. అయితే దాని స్వరాలు కదలవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఊగుతూ జారే గమకం పలకదు. ఆ కారణంగానే ఆకాశవాణి 1940లో దాన్ని బహిష్కరించింది. మూడు దశాబ్దాల తర్వాత గానీ ఆ నిషేధం సడలలేదు. రేడియో తలుపులు మూసినా, డెల్టా నాటక రంగం మాత్రం దాన్ని వదల్లేదు. వన్స్‌మోర్‌లు కొట్టించుకున్న పద్యాల వెనుక ఉన్నది ఆ పెట్టే.

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ విద్వాంసుడై ఉండి, ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి సంగీతం కూర్చారు. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ మీద కోయిలను కూయించారు.

అసలు మలుపు పాలకొల్లుది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి ఇంట్లో ఉంచుకున్న మాండలిన్ అనే పాశ్చాత్య తీగవాద్యాన్ని చిన్నతనంలోనే చేతపట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది తీగల మీద పలికించేవాడు. కర్ణాటక సంగీతం ఆ వాద్యంలోకి దిగిన దారి అదే, గొంతులోంచి! మాండలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగను లాగితే రెండూ ఒకే తీరుగా సాగవు, గమకం చెదురుతుంది. నాదం కూడా మీటగానే అడుగంటుతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, నాదం నిలవడానికి విద్యుత్ మాండలిన్ ఎంచుకున్నారు. ఛాందసులు ముఖం చిట్లించారు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

అప్పటికే గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ తదితరుల ‘శక్తి’ బృందం గిటారు, వయొలిన్, తబలా, ఘటాలను ఒక వేదిక మీద కలిపింది. 1982లో ఇంగ్లండ్‌లో, పలు దేశాల సంగీతాన్ని ఒకచోట వినిపించే వోమాడ్ ఉత్సవం మొదలైంది. రికార్డుల అమ్మకం కోసం లండన్‌లో కొందరు 1987లో ‘వరల్డ్ మ్యూజిక్’ అనే పేరు ఖాయం చేశారు. ఆ ప్రపంచంలోకి శ్రీనివాస్ కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ఆల్బం చేసి, తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరి, దర్జాగా నడిచారు. ఎక్కడా తన గమకాన్ని తగ్గించుకోలేదు. 2014లో 45 ఏళ్లకే ఆయన వెళ్లిపోవడం మనకు తీరని లోటు.

ఈ చరిత్ర తెలిస్తే నేటి తగాదాలో అడగాల్సిన ప్రశ్న మారుతుంది. ఏ వాద్యం ఎవరి శ్రుతికి ఒదుగుతోంది? సన్నాయి శ్రుతి దాని గొట్టం పొడవుతోనే ఖాయమైపోతుంది. కీబోర్డు శ్రుతి ఒక్క మీట నొక్కితే మారుతుంది. అలాంటప్పుడు సన్నాయి విద్వాంసుణ్ణే సర్దుకోమనడం ఏం న్యాయం? డప్పుకు మంట దగ్గర కాచుకునే వ్యవధి కావాలి. చల్లారి సడలిన చర్మం మోగదు. మైకుల పరీక్షకు గంట కేటాయించే నిర్వాహకులు డప్పు కాచుకోవడానికి పావుగంట ఇవ్వాలి. తాషాకు విడిగా మైకు పెట్టాలి. ప్యాడ్‌లో ముందే నింపుకొచ్చిన డప్పు మోత వినిపిస్తూ, అసలు డప్పు కళాకారుణ్ణి ఫొటో కోసం నిలబెట్టడం మానుకోవాలి. కరపత్రంలో గాయకుడి పేరు వేసిన చోటే డోలు కళాకారుడి పేరూ వేయాలి, పారితోషికం కూడా ఆ లెక్కనే ఇవ్వాలి.