చెవి కారుతుంటే ముక్కు కూడా చూపించండి

మా ఇంట్లో పిల్లలకు చెవిపోటు వచ్చిందంటే అది రాత్రి పూటే. పగలంతా బాగానే ఆడుకుని, పడుకున్న తర్వాత ఏడుపు మొదలైతే మా అవ్వ లేచి, గంటెలో ఇంత నూనె పోసి రెండు తెల్లగడ్డ పాయలు వేసి కాచి, గోరువెచ్చగా అయ్యాక చెవిలో వేసేది. అనంతపురంలో మా వీధిలో అన్ని ఇళ్లలోనూ అదే వైద్యం. ఆ వెచ్చదనానికి కాసేపు హాయిగా ఉండేది, నిజమే. కానీ ఆ నొప్పి చెవి రంధ్రంలోంచి లోపలికి పోయినది కాదని, ముక్కు వెనక నుంచి చెవిలోకి ఎక్కినదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కుతుంటే చెవులు దిబ్బడ పడతాయి కదా, ఉమ్మి మింగగానే టప్పున తెరుచుకుంటాయి. ఆ తెరుచుకునేదే యూస్టేషియన్ గొట్టం. 16వ శతాబ్దంలో ఇటలీలో ఉన్న బార్తొలోమియో యూస్టాకి అనే వైద్యుడి పేరు మీద ఆ పేరు వచ్చింది. కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది, అదే మధ్య చెవి. ఆ గదిని ముక్కు వెనక భాగంతో కలిపే దారి ఇది, పెద్దవాళ్లలో దాదాపు మూడున్నర సెంటీమీటర్ల పొడవు. పిల్లల్లో ఇది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి పడిశం పట్టినప్పుడల్లా ముక్కులోని క్రిములు సులభంగా పైకి పోతాయి. గొట్టం వాచి మూసుకుపోతుంది, లోపల చీము చేరుతుంది, పడుకుంటే ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది. అందుకే రాత్రి ఏడుపు.

ఒక్కోసారి ఆ ఒత్తిడికి కర్ణభేరి చిల్లు పడి చీము బయటికి వచ్చేస్తుంది, నొప్పి ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్లు నయమైందనుకుంటారు. చాలామందిలో ఆ చిల్లు కొన్ని వారాల్లో దానంతట అదే మూసుకుంటుంది కూడా. కర్ణభేరి బాగుంటే పైన పోసిన నూనె మధ్య చెవికి చేరనే చేరదు, చిల్లు ఉంటే నేరుగా లోపలికి పోతుంది, కాబట్టి రెండు విధాలా దానితో పని లేదు. పైగా తడిగా, జిడ్డుగా ఉండే చెవిలో బూజు పడుతుంది. దురదపెడుతూ, లోపల తడిసిన న్యూస్‌పేపర్ ముక్కలాగా నల్లచుక్కలతో తెల్లగా కనిపిస్తుంది. పిల్లకు చెవిపోటు వస్తే బరువుకు తగ్గ మోతాదులో పారాసెటమాల్ ఇచ్చి పొద్దున్నే డాక్టరుకు చూపించండి. యాంటీబయాటిక్ అవసరమా కాదా అన్నది వయసును, చెవిని చూసి ఆయన చెప్తాడు, అందరికీ అవసరం పడదు.

అసలు కష్టం చిల్లు మూసుకోని వాళ్లది. తాడిపత్రి దగ్గర ఊర్లో ఉండే మా చిన్నమ్మ కూతురికి ఎనిమిదేళ్ల పాటు చెవి కారింది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే ఆగేది, పడిశం పట్టినా తలకు పోసుకున్నా మళ్లీ మొదలయ్యేది. చిల్లు ఉన్న చెవిలో కొన్ని రకాల చుక్కల మందులు లోపలి చెవికి చేరి వినికిడినే దెబ్బతీయగలవని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. చెవి కారడం ఏళ్ల తరబడి ఉన్నా మనవాళ్లు దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు, పెళ్లి మాటలప్పుడు దాస్తారు, అంతే. ఈ పద్ధతి చూస్తే నాకు చాలా బాధ. నీళ్లగా, వాసన లేకుండా కారేది చాలావరకు ప్రమాదం లేనిది. కొంచెం కొంచెంగా, కుళ్లు వాసనతో కారుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే మధ్య చెవిలోకి చర్మం పెరిగి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తూ ఉండొచ్చు. అది ముదిరితే ముఖం ఒకవైపు పడిపోవచ్చు, తల తిరగొచ్చు, మెదడుకు చీము పాకొచ్చు. దానికి ఆపరేషనే దారి.

మా చెల్లెలిది ప్రమాదం లేని రకం. కర్నూలులో చూసిన డాక్టరు చెవి కంటే ముందు ముక్కు గురించి అడగడం మాకు వింతగా అనిపించింది. తుమ్ములు, పొద్దున్నే ముక్కు కారడం, చెనక్కాయలు కొట్టే రోజుల్లో ఎక్కువవడం, అన్నీ ఉన్నాయి ఆమెకు. మన జిల్లాల్లో ఎలర్జీకి కరువు లేదు, కళ్లం దుమ్ము, బండల పాలిష్ దుమ్ము, 1950ల్లో పుణె దగ్గర మొదట గుర్తించిన కాంగ్రెస్ గడ్డి పుప్పొడి, ఇంట్లో పాత బొంతల్లో ఉండే కంటికి కనిపించని పురుగులు. ముక్కు వాపుతో ఉన్నంతకాలం ఆ గొట్టం సరిగ్గా తెరుచుకోదు, చెవికి గాలి ఆడదు, ఆపరేషన్‌తో వేసే కొత్త కర్ణభేరి కూడా నిలవడం కష్టం.

ఎలర్జీకి రాసే స్టెరాయిడ్ స్ప్రే పేరు వినగానే చాలామంది భయపడతారు. ముక్కులో వేసేది చాలా తక్కువ మోతాదు, డాక్టరు చెప్పినన్నాళ్లు వాడితే భయం లేదు. కానీ అది కొట్టగానే ముక్కు తెరిచే మందు కాదు, పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమచేత్తో, ఎడమ ముక్కులో కుడిచేత్తో, కంటి బయటి చివర వైపు గురిపెట్టి కొట్టాలి. మధ్యదూలం మీద కొడితే రక్తం వస్తుంది. వెంటనే ముక్కు తెరిచే చుక్కలు వేరు. అవి ఐదు రోజులు దాటి వాడితే ముక్కు వాటికి అలవాటుపడి, వేయకపోతే ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. ముక్కులో కండ పెరిగిందని పసరు పోయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి వద్దు. ఆ కండ చాలాసార్లు ఎలర్జీకి వాచిన మామూలు భాగమే, మందుకే తగ్గుతుంది. నీటితిత్తుల్లా వేలాడే పాలిప్స్ అయినా మొదట స్ప్రేతోనే చూస్తారు.

నోరు తెరిచి నిద్రపోతూ, గురకపెడుతూ, టీవీ సౌండ్ పెంచమనే పిల్లవాడిది అశ్రద్ధ కాదు. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగి చెవిలో నీరు చేరి ఉండొచ్చు, నొప్పి లేకుండానే వినికిడి తగ్గుతుంది. పెద్దవాళ్లకు ఒకవైపు చెవి మాత్రమే వారాల తరబడి దిబ్బడగా ఉంటే ముక్కు వెనక గడ్డ ఉందేమో చూడాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి, మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. పిల్లలు ముక్కులోనో చెవిలోనో బటన్ బ్యాటరీ పెట్టుకుంటే వెంటనే వెళ్లాలి, గంటల్లోనే లోపల కాలిపోతుంది.

ఎండాకాలం ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి. ముందుకు వంగి కూర్చుని, మెత్తటి భాగాన్ని వేళ్లతో గట్టిగా పట్టుకుని, వదలకుండా పది పదిహేను నిమిషాలు ఉండాలి. ఇక గులిమి జోలికి పోవద్దు, చెవి చర్మం మెల్లగా బయటికి జరుగుతూ దాన్ని తానే తెచ్చి పడేస్తుంది, బడ్స్ దాన్ని లోపలికి నెడతాయి.

మా చెల్లెలికి మూడు నెలలు ముక్కుకు వైద్యం చేశాక ఆపరేషన్ చేశారు. చెవి పైన కండరాన్ని కప్పి ఉండే పలుచని పొరలోంచి చిన్న ముక్క తీసి చిల్లు మీద అతికించారు. నెలరోజులు ముక్కు గట్టిగా చీదొద్దని, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమని చెప్పారు. ఆమె ఆ స్ప్రే ఇప్పటికీ చెనక్కాయలు పీకడానికి రెండు వారాల ముందే మొదలుపెడుతుంది.