చేపల పులుసుకు తెలిసిన రసాయన శాస్త్రం

కావలి నుంచి ఒకామె అడిగారు. తెల్లబట్ట అవుతోంది, చేపల వాసన వస్తోంది, మందుల షాపులో ఇచ్చిన ఫంగస్ క్రీము మూడుసార్లు వాడినా తగ్గలేదు, ఒళ్లు వేడి చేసి ఎముకలు కరిగిపోతున్నాయని మా అత్త అంటోంది, నిజమేనా అని. ఎముకలు కరగవమ్మా. మా అమ్మమ్మ కూడా అదే అనేది. నేను మాత్రం "చేపల వాసన" దగ్గరే ఆగిపోయాను, జబ్బు ఆచూకీ సగం అందులోనే ఉంది.

నెల్లూరు వాళ్లకు ఇది చెప్పడం తేలిక. జువ్వలదిన్నె నుంచి వచ్చిన సముద్రపు చేప కాసేపు ఎండలో ఉంటే కంపు కొడుతుంది కదా, అది ట్రైమిథైలమైన్. చేప ఒంట్లో వాసన లేని ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ ఉంటుంది, దాన్ని బ్యాక్టీరియా విడగొడితే ఇది పుడుతుంది (మంచినీటి చేపల్లో ఈ గొడవ తక్కువ). ఇలాంటి పదార్థాలను అమైన్లు అంటారు, ఇవి క్షారాలు, అంటే ఆమ్లానికి విరుద్ధం. చింతపండు పులుసు పడగానే ఆమ్లంలోని ప్రోటాన్‌ను పట్టుకుని లవణంగా మారతాయి, లవణం గాల్లోకి లేవదు, ముక్కుకు అందదు. అంటే కంపు ఎక్కడికీ పోలేదు, పులుసులోనే కట్టుబడి ఉంది. అందులో సున్నపు తేట పోస్తే (పోయకండి!) మళ్లీ లేస్తుంది. క్లాసులో లిట్మస్ కాగితం చూపించే బదులు ఇది చెబితే ఒక్కరూ మరిచిపోరు.

యోనిలోనూ ఇదే లెక్క. లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూ పీహెచ్‌ను (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 దాటనివ్వవు. అవి తగ్గి గార్డ్‌నెరెల్లా, ప్రివొటెల్లా లాంటివి గుంపుగా పెరిగితే పులుపు విరిగిపోతుంది, అమైన్లు పుడతాయి, పట్టి ఉంచే ఆమ్లం లేక బయటికొస్తాయి. ఇదే బ్యాక్టీరియల్ వెజినోసిస్. వీర్యం కూడా క్షారమే, అందుకే కలయిక తర్వాత వాసన పెరుగుతుంది. డాక్టరు స్లైడు మీది ద్రవంలో 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి వాసన చూసేది పులుసులో సున్నపు తేట పోసినట్టే! దానితోపాటు పీహెచ్ 4.5 దాటడం, పల్చగా ఒకే తీరున ఉండే స్రావం, మైక్రోస్కోపులో అంచులు కనబడనంతగా బ్యాక్టీరియా అంటుకున్న క్లూ కణాలు. ఈ నాలుగింటిలో మూడుంటే జబ్బు ఉన్నట్టు, ఇవి 1983 నాటి ఆంసెల్ ప్రమాణాలు. గ్రామ్ స్టెయిన్ చేసి (బ్యాక్టీరియాకు రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసి) 0 నుంచి 10 దాకా మార్కులేసే న్యూజెంట్ పద్ధతి 1991లో వచ్చింది, 7 దాటినా, 7 వచ్చినా జబ్బే. ఫంగస్ అయితే దురద, పెరుగు ముక్కల్లాంటి స్రావం ఉంటాయి, పీహెచ్ సాధారణంగా పెరగదు. క్రీము పనిచేయకపోవడం వింతేమీ కాదు.

1955లో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే పరిశోధకులు పైన చెప్పిన గార్డ్‌నెరెల్లా క్రిమిని విడిగా పెంచి 13 మంది ఆరోగ్యవంతులకు పెడితే ఒక్కరికే జబ్బొచ్చింది, రోగుల స్రావాన్నే పెట్టిన 15 మందిలో మాత్రం 11 మందికి వచ్చింది. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి అనుమతే రాదనుకోండి, కానీ ఇది ఒంటరి క్రిమి పని కాదనే అనుమానం అక్కడే మొదలవ్వాల్సింది.

ఈ జబ్బు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, చాలామందికి మళ్లీ వస్తుంది. 2025లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో భర్త లేదా భాగస్వామికి కూడా మాత్రలు, క్రీము ఇస్తే 12 వారాల్లో తిరగబెట్టింది 35 శాతం మందికి, ఆడవాళ్లకు మాత్రమే ఇస్తే 63 శాతం మందికి. కాబట్టి కావలి అమ్మా, ముందు పీహెచ్ పరీక్ష చేయించుకోండి. మందు వాడాక మళ్లీ వస్తే ఈసారి ఆయన్ని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, వేడి చేసిందని మజ్జిగ తాగించడం అత్తకు వదిలేయండి.