అంకె ఒకటే, అక్షరం వేరు: డిస్‌ప్లే స్కేలింగ్ వెనక కథ

ఒక కంప్యూటర్లో టెక్స్ట్ బాక్సులో చక్కగా ఇమిడిన వాక్యం, అదే ఫైలును ఇంకో కంప్యూటర్లో తెరిస్తే చివరి లైను తెగిపోయి కనిపిస్తుంది. ఫాంట్ సైజు మాత్రం రెండు చోట్లా 12 అనే చూపిస్తుంది. ఆథరింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాఠాలు తయారుచేసేవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. తప్పు ఫాంటుదేనని దాన్ని మారుస్తూ కూర్చుంటారు. చాలాసార్లు అసలు కారణం డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 125 అనో 150 అనో ఉన్న స్కేలింగ్ శాతం, అంటే తెర మీదివన్నీ ఎంత పెద్దవిగా చూపాలో చెప్పే అంకె.

అక్షరాన్ని పాయింట్లలో కొలవడం అచ్చు పని నుంచి వచ్చింది. కంప్యూటర్లలో స్థిరపడిన లెక్కలో అంగుళానికి 72 పాయింట్లు. 1984 నాటి మొదటి మాకింతోష్ తెర మీద అంగుళానికి 72 పిక్సెళ్లే (తెర మీది చుక్కలు) ఉండేవి కాబట్టి పాయింటూ పిక్సెలూ ఒకటే అయ్యాయి. తెర మీద కనిపించిన సైజే కాగితం మీదా వచ్చేది.

విండోస్ మాత్రం అంగుళానికి 96 పిక్సెళ్లు అనుకుంది. కాగితం కన్నా తెర కంటికి దూరంగా ఉంటుంది, అక్షరం కాస్త పెద్దగా ఉండాలన్నది అందులో ఉద్దేశం. ఈ 96 ఎవరి మానిటర్నీ కొలిచి చెప్పింది కాదు, అనుకున్న అంకె. చిక్కంతా ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం. పాయింట్లను ఆ అంకెతో గుణించి 72తో భాగిస్తే పిక్సెళ్లు వస్తాయి. స్కేలింగ్ శాతం పెంచితే ఆ 96 కూడా అదే లెక్కన పెరుగుతుంది. 12 పాయింట్ల అక్షరం 100 శాతంలో 16 పిక్సెళ్లు, 125లో 20, 150లో 24. చాలా ప్రోగ్రాములు అక్షరాన్ని పాయింట్లలో, దాని చుట్టూ ఉన్న పెట్టెను పిక్సెళ్లలో రాసుకున్నాయి. శాతం పెంచితే అక్షరం పెరిగింది, పెట్టె పెరగలేదు. తెలుగులో అయితే ముందు తెగేది ఒత్తులే.

2007లో విండోస్ విస్టా ఒక ఉపాయం పట్టుకొచ్చింది. స్కేలింగ్ తనకు తెలుసని చెప్పని ప్రోగ్రాముకు 96 అనే చెప్పి, అది గీసిన బొమ్మను సాగదీసి చూపించడం. అమరిక నిలిచింది కానీ అక్షరాలు మసకబారాయి. 2013లో విండోస్ 8.1 ఒక్కో మానిటర్‌కు ఒక్కో శాతం ఇచ్చాక, విండోను ఒక తెర నుంచి ఇంకోదానికి జరిపినా తేడా వచ్చే పరిస్థితి. ఇక జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాములు విండోస్‌లో స్కేలింగ్‌ను సరిగా పట్టించుకున్నది 2017లో జావా 9 వచ్చాకే. అంతవరకూ పిక్సెళ్లు కిక్కిరిసిన తెరల మీద వాటి మెనూలు చీమ తలకాయంత ఉండేవి.

వెబ్ ఈ గొడవను ఒక నిర్ణయంతో తప్పించుకుంది: వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే భాష సీఎస్ఎస్‌లో అంగుళం అంటే ఏ తెర మీదైనా 96 పిక్సెళ్లే, 12 పాయింట్లు అంటే 16 పిక్సెళ్లే. అలాంటప్పుడు 150 శాతంలో ఉన్న తెర మీద కొలిచిన 24 పిక్సెళ్లను ఏ ఆథరింగ్ టూల్ అయినా అలాగే ఫైల్లో రాసేస్తే, ప్రచురించిన పేజీలో అక్షరం ఒకటిన్నర రెట్లు అవుతుంది. రాసినవారి మానిటర్ సెట్టింగ్ చదివేవారి పేజీలోకి రాకూడదు. దీన్ని సాఫ్ట్‌వేర్ లోపంగానే చూడాలి, వాడేవాళ్ల పొరపాటుగా కాదు.

అందుకే ఫాంట్ జోలికి వెళ్లేముందు రెండు కంప్యూటర్లలోనూ స్కేలింగ్ శాతం ఎంతుందో చూడండి. శాతం మార్చాక ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ రండి. పాత ప్రోగ్రాములు చాలావరకు సైన్ ఇన్ అయినప్పటి శాతాన్నే పట్టుకుని ఉంటాయి.