బీఎంఎస్ బోర్డు మరమ్మతు: అపోహలు – వాస్తవాలు

విద్యుత్ స్కూటర్లు, సైకిళ్లు, స్కేట్‌బోర్డులు, ఒంటిచక్రం వాహనాల బ్యాటరీ ప్యాకులు ఎక్కువగా “బీఎంఎస్ పోయింది, మార్చండి” అన్న మాటతోనే నా పనిబల్ల మీదికి వస్తాయి. బీఎంఎస్ అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టం, ప్యాకులోని సెల్‌లను గమనిస్తూ కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు. విప్పి కొలిచి చూస్తే బోర్డు నిజంగా చెడిపోయినవి కొన్నే ఉంటాయి. మిగిలినవాటిలో ఏదో ఒక సెల్ గ్రూపు నీరసించిపోయి, దాన్ని పసిగట్టిన బోర్డు తన పని తాను చేస్తూ సరఫరాను నిలిపివేసి ఉంటుంది. ఈ రెంటికీ తేడా తేల్చుకోకుండా చేసే మరమ్మతు వల్ల వాహనం నడిస్తే నడవవచ్చు గాని, దానికి ఉన్న రక్షణ పోతుంది.

బోర్డు చేసే పని ముందు చెప్పుకోవాలి. 36 వోల్టులదని మనం పిలిచే ప్యాకులో సాధారణంగా 10 సెల్ గ్రూపులు సిరీస్‌లో, అంటే వోల్టేజీలు కూడేలా ఒకదాని తరువాత ఒకటిగా ఉంటాయి. ఒక్కో గ్రూపులో రెండో మూడో, అంతకన్నా ఎక్కువో సెల్‌లు ప్యారలల్‌గా కలిసి ఉంటాయి. నిండుగా ఛార్జి అయినప్పుడు ఒక్కో గ్రూపు 4.2 వోల్టుల దగ్గర, మొత్తం ప్యాకు 42 వోల్టుల దగ్గర ఉంటుంది. ప్రతి గ్రూపు నుంచి ఒక సన్నని సెన్స్ తీగ బోర్డుకు చేరుతుంది. బోర్డు మీది కొలత చిప్ ఆ తీగల ద్వారా ఒక్కో గ్రూపు వోల్టేజీని, షంట్ అనే అతి చిన్న నిరోధం ద్వారా ప్రవాహాన్ని, వేడిని బట్టి నిరోధం మారే థర్మిస్టర్ ద్వారా వేడిని గమనిస్తూ, వీటిలో ఏది హద్దు దాటినా మాస్‌ఫెట్‌లను, అంటే కరెంటును వదిలే, ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లను ఆపివేస్తుంది.

అపోహ: ప్యాకు నుంచి కరెంటు రాకపోతే బోర్డు కాలిపోయినట్టే.

వాస్తవం: సెల్‌ల వైపు 36 వోల్టులు ఉండి బయటి తీగల మధ్య ఏమీ లేకపోతే, బోర్డు సరఫరాను ఆపిందని మాత్రమే తెలుస్తుంది, ఎందుకు ఆపిందో దానివల్ల తెలియదు. కారణం కోసం ప్రతి గ్రూపునూ సెల్‌ల మీది నికెల్ పట్టీల దగ్గరే మల్టీమీటర్‌తో విడివిడిగా కొలవాలి. తొమ్మిది గ్రూపులు 3.6 వోల్టుల దగ్గర ఉండి ఒకటి 2.3 వోల్టులకు దిగిపోయి ఉంటే బోర్డు నిజమే చెబుతున్నదని అర్థం. పదీ కొన్ని పదుల మిల్లీవోల్టుల తేడాలోనే ఉన్నా కరెంటు రాకపోతే, అప్పుడు బోర్డును అనుమానించవచ్చు. అప్పుడు కూడా ఒకసారి సరైన ఛార్జర్‌ను కలిపి చూడటం మంచిది. షార్ట్ వల్లనో, వోల్టేజీ పడిపోవడం వల్లనో ఆగిన బోర్డులు చాలావరకు ఛార్జర్ తగిలేదాకా తిరిగి తెరుచుకోకుండా తయారవుతాయి.

మల్టీమీటర్ ఇక్కడ ఇంకో విధంగా తప్పుదారి పట్టించగలదు. దాని లోపలి నిరోధం సాధారణంగా 10 మెగాఓమ్‌లు ఉంటుంది కాబట్టి, ఆపి ఉన్న మాస్‌ఫెట్‌ల గుండా కారే అతి స్వల్ప ప్రవాహం కూడా తెర మీద గణనీయమైన వోల్టేజీగా కనిపిస్తుంది. బయటి తీగల మధ్య ఒక చిన్న బల్బునో, తగిన రెసిస్టర్‌నో లోడుగా పెట్టి కొలిస్తేనే ఆ అంకెను నమ్మవచ్చు.

అపోహ: యాప్‌లో గాని, డిస్‌ప్లేలో గాని కనిపించే గ్రూపు వోల్టేజీలు సెల్‌ల అసలు వోల్టేజీలే.

వాస్తవం: అవి బోర్డుకు అందిన వోల్టేజీలు. సెల్‌కూ బోర్డుకూ మధ్య తీగ, టంకం, కనెక్టర్ ఉన్నాయి. నిరంతరం కుదుపులు తినే వాహనంలో ఈ మూడింటిలో ఏదైనా వదులు కావచ్చు. రెండు పక్క గ్రూపుల మధ్యనున్న సెన్స్ తీగ ఇలా వదులైనప్పుడు ఒక గ్రూపు ఎక్కువగానూ, దాని పక్కది అంతే తక్కువగానూ కనిపిస్తాయి. ఉదాహరణకు, నిజానికి రెండూ 3.75 వోల్టుల దగ్గర ఉండగా తెర మీద ఒకటి 4.45, మరొకటి 3.05 అని కనిపించవచ్చు. రెంటి మొత్తం మాత్రం ఎప్పటిలాగే 7.5 వోల్టులు ఉంటుంది. ఒక గ్రూపు అతిగా నిండిందని భావించిన బోర్డు ఛార్జింగ్‌ను ఆపేస్తుంది, దాంతో ఆరోగ్యంగా ఉన్న ప్యాకు చెడిపోయినట్టు తోస్తుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనది ఆ తరువాత జరిగే పని: తక్కువగా కనిపిస్తున్న గ్రూపుకు విడిగా ఛార్జి పెట్టడం. అప్పటికే సమంగా ఉన్న గ్రూపును అలా అతిగా నింపిన ప్యాకులను నేను చూశాను. మొత్తం సరిపోతూ జంటగా తేడా కనబడితే, సెల్‌లను ముట్టుకోకముందే ఆ రెంటి మధ్యనున్న తీగను పరీక్షించాలి.

అపోహ: బోర్డును తప్పించి నేరుగా తీగలు కలిపినా ఫరవాలేదు, తక్కువ వోల్టేజీని మోటారును నడిపే కంట్రోలర్, ఎక్కువ వోల్టేజీని ఛార్జర్ చూసుకుంటాయి.

వాస్తవం: ఈ అపోహ గురించి నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన, ఎందుకంటే ఇది వినడానికి సబబుగా ఉంటుంది. కంట్రోలర్‌కూ ఛార్జర్‌కూ తెలిసేది మొత్తం వోల్టేజీ ఒక్కటే. కంట్రోలర్ 30 వోల్టుల దగ్గర మోటారును ఆపేలా అమర్చి ఉందనుకుందాం. తొమ్మిది గ్రూపులు 3.2 వోల్టుల చొప్పున ఉంటే వాటి మొత్తం 28.8; పదోది 1.5 వోల్టులకు కుప్పకూలినా ప్యాకు మొత్తం 30.3 వోల్టులు ఉంటుంది కాబట్టి కంట్రోలర్ ఇంకా ప్రవాహాన్ని లాగుతూనే ఉంటుంది. ఛార్జింగ్‌లో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. నీరసించిన గ్రూపు 3.6 వోల్టుల దగ్గరే ఆగిపోతే, 42 వోల్టుల ఛార్జర్ మిగిలిన 38.4 వోల్టులను తొమ్మిది గ్రూపులకు పంచుతుంది. అంటే ఒక్కోటి సుమారు 4.27 వోల్టులకు చేరుతుంది. ఛార్జర్ లెక్కలో మొత్తం 42 వోల్టులే కాబట్టి దానికి తప్పేమీ కనిపించదు. ఒక గ్రూపు చెడిపోవడం వల్ల మిగిలిన తొమ్మిదీ హద్దు దాటుతాయన్నమాట.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని కూడా సరిగా అర్థం చేసుకోవాలి. తన తూకాన్ని మోటారుతోనే నిలబెట్టుకునే ఒంటిచక్రం వాహనాల్లో నడుస్తుండగా కరెంటు ఆగితే మనిషి నేరుగా ముందుకు పడిపోతాడు. అందుకని అలాంటి అనేక వాహనాల్లో బోర్డు డిశ్చార్జిని తెంచకుండా తయారీలోనే ఏర్పాటు చేసి, మోటారు బోర్డు ముందుగా పెడల్‌ను వెనక్కి వంచి హెచ్చరించేలా అమర్చుతారు. అది ఆలోచించి చేసిన రూపకల్పన. ఛార్జింగ్ వైపు రక్షణ అందులో యథాతథంగా ఉంటుంది. దాన్ని చూసి, ఆ ఏర్పాట్లేమీ లేని స్కూటర్ ప్యాకులో తీగలు కలపడం వేరే సంగతి.

అపోహ: వాహనం నడుస్తోంది, ఛార్జి ఎక్కుతోంది, కాబట్టి బోర్డు బాగుంది.

వాస్తవం: మాస్‌ఫెట్ చెడిపోయినప్పుడు చాలావరకు దారి తెగిపోదు, షార్ట్ అయి కలిసిపోతుంది. ఛార్జింగ్ వైపు మాస్‌ఫెట్ అలా కలిసిపోయిన ప్యాకు రోజువారీ వాడకంలో ఏ లోపమూ చూపదు. ఆపవలసిన రోజున ఆపలేకపోవడమే దాని లోపం. అందుకే ఫిర్యాదు ఏదైనా సరే, బోర్డును ప్యాకు నుంచి పూర్తిగా విడదీశాక మాస్‌ఫెట్‌లను మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పరీక్షిస్తాను. మాస్‌ఫెట్ గుండా కరెంటు సాగే రెండు కొనలైన డ్రెయిన్, సోర్స్‌ల మధ్య రెండు దిశల్లోనూ సున్నాకు దగ్గరగా చూపిస్తే అది షార్ట్ అయినట్టే. ప్యారలల్‌గా ఉన్నవాటిలో ఒక్కటి పోయినా అన్నీ పోయినట్టు కనిపిస్తాయి కాబట్టి, అసలు దోషి ఏదో ఊడదీసి చూస్తే గాని తెలియదు. అయినా మార్చేటప్పుడు ఆ వరుస మొత్తాన్ని ఒకే రకంతో మార్చాలి, కొత్తవాటి వోల్టేజీ రేటింగ్ పాతవాటికన్నా తగ్గకూడదు, గేట్ (మాస్‌ఫెట్‌ను వదలమనో ఆపమనో చెప్పే కొన) రెసిస్టర్లు తమ విలువలోనే ఉన్నాయో లేదో చూడాలి, ఎందుకంటే మాస్‌ఫెట్ పోతూ పోతూ గేట్‌ను నడిపే భాగాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఆ భాగం చెడి ఉంటే కొత్త మాస్‌ఫెట్ సగం తెరుచుకుని, వేడెక్కి, కొద్దిరోజుల్లో మళ్లీ పోతుంది.

అపోహ: ఒకే గ్రూపు మాటిమాటికీ దిగిపోతోందంటే ఆ సెల్‌లు అయిపోయినట్టే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. గ్రూపులను సమం చేయడానికి (బ్యాలెన్సింగ్) బోర్డు మీద ప్రతి గ్రూపుకూ ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్ ఉంటాయి. ఆ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే ఆ ఒక్క గ్రూపు రాత్రింబవళ్లు కారుతూనే ఉంటుంది. రెసిస్టర్ 100 ఓమ్‌లు, గ్రూపు 3.7 వోల్టులు అనుకుంటే ప్రవాహం 37 మిల్లీఆంపియర్లు; ఒక రోజుకు సుమారు 0.9 ఆంపియర్ గంటలు. 3 ఆంపియర్ గంటల సెల్‌లు రెండు ఉన్న గ్రూపు ఈ లెక్కన ఒక వారంలో ఖాళీ అవుతుంది. సెన్స్ కనెక్టర్‌ను ఊడదీసి, ప్యాకును ఒక వారం అలాగే ఉంచి కొలిస్తే తేలిపోతుంది: గ్రూపు నిలబడితే కారుతున్నది బోర్డు, అప్పటికీ దిగితే కారుతున్నది సెల్. ప్యాకు విశ్రాంతిలో ఉన్నప్పుడు ఒక బ్యాలెన్సింగ్ రెసిస్టర్ మాత్రమే వెచ్చగా ఉండటం కూడా మంచి ఆధారమే.

అయితే బోర్డు తప్పు వల్లనే దిగిపోయినా, చాలా లోతుకు దిగి అక్కడే ఉండిపోయిన గ్రూపును తిరిగి వాడకూడదు. వోల్టేజీ మరీ పడిపోయిన లిథియం అయాన్ సెల్‌లో రుణధ్రువపు రాగి రేకు ఎలక్ట్రోలైట్‌లో కరుగుతుంది. తిరిగి ఛార్జి పెట్టినప్పుడు ఆ రాగి లోపలే పేరుకుని షార్ట్‌కు దారి తీయగలదు. ఛార్జి ఎక్కింది కదా అని ఆ సెల్‌ను నమ్మకూడదు.

అపోహ: తడిసిన బోర్డును బాగా ఆరబెడితే చాలు.

వాస్తవం: నీరు ఆరిపోతుంది గాని, అందులోని లవణాలు బోర్డు మీదే ఉండిపోతాయి. వాహనం స్విచ్ ఆపి ఉన్నా సెన్స్ తీగల మీద వోల్టేజీ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, గాలిలోని తేమ తగిలినప్పుడల్లా పక్కపక్క తీగల మధ్య ప్రవాహం సాగి రాగి గీతలు తినిపోతూ ఉంటాయి. తడిసినప్పుడు బాగానే ఉండి నెలల తరువాత ఆగిపోయే బోర్డుల కథ ఇదే. ఆరబెట్టడానికన్నా ముందు బోర్డును సెల్‌ల నుంచి విడదీయాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి, ఆకుపచ్చగా మారిన చోట్లన్నీ సూక్ష్మదర్శిని కింద చూడాలి.

అపోహ: థర్మిస్టర్ పోతే దాని స్థానంలో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే సరిపోతుంది.

వాస్తవం: అలా చేస్తే బోర్డుకు ప్యాకు ఎప్పటికీ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. కాలుతున్నా తెలియదు, గడ్డకట్టే చలిలో ఛార్జి పెట్టినా తెలియదు. థర్మిస్టర్ దొరకని భాగమేమీ కాదు.

అపోహ: సిరీస్‌లోని గ్రూపుల సంఖ్య, ఆంపియర్లు కలిస్తే ఏ బోర్డునైనా వేయవచ్చు.

వాస్తవం: ఆ రెండూ కలిసిన తరువాత చూడవలసినవి ఇంకా ఉన్నాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే వేరే రకం సెల్‌ల బోర్డు 3.65 వోల్టుల పరిసరాల్లో ఛార్జింగ్ ఆపుతుంది, 4.2 వోల్టుల సెల్‌లకు అది పనికిరాదు, దీనికి తారుమారైతే ప్రమాదం. కనెక్టర్ ఒకేలా ఉన్నా తీగల వరుస వేరుగా ఉండవచ్చు. చాలా వాహనాల్లో కంట్రోలర్ బోర్డుతో సంభాషిస్తుంది, ఆ జవాబు రాకపోతే కదలదు. 2016లో అమెరికాలో నిలబడి నడిపే రెండు చక్రాల హోవర్‌బోర్డులను 5 లక్షలకు పైగా మంటల ప్రమాదం వల్ల వెనక్కి రప్పించారు. అదే ఏడాది వచ్చిన యూఎల్ 2272 అనే భద్రతా ప్రమాణం ప్యాకును, ఛార్జర్‌ను, వాహనపు విద్యుత్ వ్యవస్థను కలిపి పరీక్షించేలా రూపొందింది. బోర్డు మార్చినప్పుడు అలా పరీక్షకు నిలిచిన కలయికను మనం మారుస్తున్నామని గుర్తుంచుకోవాలి.

కొత్త బోర్డును కలిపేటప్పుడు ముందుగా ప్రధాన రుణ తీగను కలపాలి. తరువాత సెన్స్ కనెక్టర్‌ను బోర్డులో గుచ్చకముందే దాని ఒక్కో పిన్ మీద వోల్టేజీ మెట్లు మెట్లుగా, సమానంగా పెరుగుతోందో లేదో కొలవాలి. ఒక్క తీగ తారుమారైనా కొలత చిప్ అక్కడికక్కడే పోతుంది. విడదీసేటప్పుడు ఇదే క్రమాన్ని తిరగేయాలి. ఉంగరాలు, గొలుసులు తీసేసి, పనిముట్లకు ఇన్సులేషన్ టేపు చుట్టుకోవాలి, ఎందుకంటే ప్యాకుకు స్విచ్ లేదు. బోర్డు మీద పనిచేసినంతసేపూ అది సజీవంగానే ఉంటుంది. నిండినప్పుడు 60 వోల్టులు దాటే ప్యాకుల్లో చేతికి షాక్ కొట్టే ప్రమాదం కూడా దీనికి తోడవుతుంది.

అపోహ: మరమ్మతు తరువాత ఒక చుట్టు నడిపి చూస్తే పరీక్ష పూర్తయినట్టే.

వాస్తవం: నడిపి చూస్తే బోర్డు కరెంటును వదులుతోందని తెలుస్తుంది, ఆపగలదా లేదా అన్నది తెలియదు. మరమ్మతు చేసిన బోర్డును నేను వెంటనే ప్యాకుకు కలపను. 100 ఓమ్‌ల, అర వాట్ రెసిస్టర్లు పదింటిని వరుసగా కలిపి, ప్రవాహ పరిమితి పెట్టిన బెంచ్ సప్లై (వోల్టేజీని మార్చుకోగల విద్యుత్ సరఫరా పరికరం) నుంచి 40 వోల్టులు ఇస్తే ఒక్కో మెట్టు మీద 4 వోల్టులు వస్తాయి. ఆ మెట్లకు సెన్స్ తీగలను కలిపితే బోర్డుకు అది ప్యాకులాగే కనిపిస్తుంది. ఒక మెట్టుకు సిరీస్‌లో చిన్న వేరియబుల్ రెసిస్టర్ పెట్టి వోల్టేజీని పెంచుతూ పోతే, ముందు బ్యాలెన్సింగ్ మొదలై ఆ మెట్టు కొంత కుంగుతుంది, ఇంకా పెంచితే ఛార్జింగ్ మాస్‌ఫెట్ ఆగాలి. అదే మెట్టుకు ప్యారలల్‌గా రెసిస్టర్ పెట్టి దించితే డిశ్చార్జి మాస్‌ఫెట్ ఆగాలి. పది మెట్లకూ ఇలా చేయాలి, థర్మిస్టర్‌ను వేడిచేసి కూడా చూడాలి. గంటకు పైగా పట్టే పని ఇది, అయినా దీన్ని నేను ఎన్నడూ వదిలిపెట్టను.

బోర్డు పొరలే కాలి నల్లబడిన చోట మాత్రం మరమ్మతుకు పూనుకోను. మాడిన ఫైబర్ బొగ్గుగా మారి విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. పైపైన గీకి శుభ్రం చేసినా లోపలి పొరల్లో ఆ దారి మిగిలిపోయి, నిరంతరం వోల్టేజీ ఉన్న తీగల మధ్య మళ్లీ వేడెక్కుతుంది. అలాంటి బోర్డును తీసి పక్కన పెట్టి, ఆ ప్యాకుకు సరైన బోర్డు వచ్చేదాకా సెన్స్ కొనలకు ఒక్కోదానికీ విడిగా టేపు చుట్టి ఉంచుతాను.