యుద్ధం సినిమా చూసేటప్పుడు

పిల్లలూ,

యుద్ధం సినిమాలు చూడొద్దని చెప్పడానికి రాయడం లేదు. చూడండి. కాకపోతే సైన్యంలో పనిచేసినవాళ్ల కంటికి వాటిలో ముందుగా కనపడే లోటు ఒకటుంది. అది టైము.

హీరో ట్రిగ్గర్ నొక్కిపట్టి ఎంతసేపు కాలుస్తాడో గడియారం పెట్టి చూడండి. 30 తూటాల మ్యాగజైను నిమిషానికి 600 చొప్పున కాలిస్తే 3 సెకన్లలో ఖాళీ. అందుకే నిజం సైనికుడు చూసి చూసి ఒక్కొక్కటే కాలుస్తాడు. కిలోమీటరు అవతల బాంబు పేలితే ముందు మెరుపు కనపడుతుంది, చప్పుడు దాదాపు 3 సెకన్లకు గానీ రాదు. ఇక తూటా తగిలి గాల్లోకి ఎగరడం పూర్తిగా అబద్ధం. 4 గ్రాముల తూటా సెకనుకు 900 మీటర్ల వేగంతో వచ్చి తగిలినా, 70 కిలోల మనిషికి అది ఇచ్చే వేగం సెకనుకు 5 సెంటీమీటర్లే. మీ ఫిజిక్సులో ద్రవ్యవేగం పాఠం ఉందిగా, లెక్క వేసి చూసుకోండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది గాయాల్ని చూపించే తీరు. భుజానికి తూటా తగిలితే రుమాలు కట్టుకుని మళ్లీ పరుగు! చేతికి రక్తం పంపే పెద్ద నాళం, చేతిని కదిలించే నరాలు అటుగానే వెళ్తాయి. తొడలోని పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అప్పుడు పక్కవాడు గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా, టోర్నికే, అంటే రక్తం పోకుండా బిగించే పట్టీ వేసి, రక్తం ఆగేదాకా దానికున్న పుల్ల తిప్పాలి. వేసిన టైము రాసిపెట్టాలి. ఆ నొప్పికి గాయపడినవాడు విప్పెయ్యమని బతిమాలతాడు. జాలిపడి వదులు చేస్తే సిరలు మూసుకునే ఉంటాయి, ధమని మాత్రం తెరుచుకుంటుంది, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. కత్తితో తూటా తీసే సీను వస్తే నమ్మకండి. ప్రాణం తీసేది లోపలున్న తూటా కాదు, ఆగని రక్తం.

ఇంటివాళ్ల సంగతికొస్తే, సినిమాలో ఉత్తరం రాగానే అమ్మ నవ్వుతుంది. 'క్షేమం' అన్న మాట రాసిన రోజుకే వర్తిస్తుందని నిజం అమ్మకు తెలుసు. అందుకే ముందు తారీఖు చూస్తుంది, అక్కడి నుంచి ఎన్ని రోజులైందో లెక్కపెట్టుకుంటుంది.

తిరిగొచ్చినవాణ్ణి కౌగిలించుకోగానే సినిమా అయిపోతుంది. ఇంట్లో అసలు కష్టం ఆ తర్వాతే మొదలు కావచ్చు. తలుపు దబ్బున పడితే ఉలిక్కిపడతాడు, గుమ్మం కనపడేలాగే కూర్చుంటాడు, నిద్రపోడు. మొదటి ప్రపంచయుద్ధంలో దీన్ని షెల్ షాక్ అన్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసుకు వచ్చే జబ్బు) అన్న పేరుతో చేరింది. లక్షణాలు నెల దాటితే డాక్టరుకు చూపించాలి. నాన్నకు తమమీద కోపమేమోనని చిన్నపిల్లలు అనుకుంటారు. కాదని ఎవరో ఒకరు వాళ్లకు చెప్పాలి.

అలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే, నిద్రలేపేటప్పుడు ఒంటిమీద చెయ్యి వెయ్యకండి. గుమ్మం దగ్గరే నిలబడి, మెల్లగా పేరో వరసో పెట్టి పిలవండి. కళ్లు తెరిచి మిమ్మల్ని గుర్తుపట్టాకే దగ్గరికి వెళ్లండి.

మీ తాతయ్య