ఏపీకే అంటే ఫోన్ యాప్ కాదు: ఆల్పైన్ లినక్స్ మీద అపోహలు, వాస్తవాలు

తిరుపతి లాడ్జి రిసెప్షన్లలో, చిత్తూరు జిరాక్స్ షాపుల్లో, మామిడి సీజన్ వస్తేగానీ దుమ్ము దులపని మండీ కౌంటర్లలో 2 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్‌లు ఇంకా కనిపిస్తుంటాయి. గుజిరీ అంగడికి వేసే ముందు వాటికి ఆల్పైన్ లినక్స్ అనే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి చూడొచ్చు. 2005లో మొదలైన ఈ సిస్టమ్ హార్డ్‌డిస్క్‌లో కనీస ఇన్‌స్టలేషన్‌కు తీసుకునేది 130 ఎంబీ దగ్గర. ఇబ్బంది దాన్ని ఎక్కించడంలో లేదు. ఉబుంటు లాంటి వేరే లినక్స్‌లో నేర్చిన అలవాట్లను దీని ప్యాకేజీ మేనేజర్, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి తీసేసే పనిముట్టు, ఏపీకే మీద రుద్దడంలో ఉంది.

ఆదేశాలను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో.

అపోహ: ఏపీకే ఫైలంటే ఫోన్‌లో ఎక్కించుకునేదే.

"అన్నా, దీంట్లో ఫోన్ యాప్‌లు పని చేస్తాయా?" అని అడగని మనిషి లేడు. పేరొక్కటే కలిసింది. ఆండ్రాయిడ్ ఏపీకే ఒక జిప్ మూట, ఆల్పైన్ ఏపీకే జీజిప్‌తో కుదించిన టార్ మూట. ఒకటి ఇంకోదాంట్లో తెరుచుకోదు.

అపోహ: ఏపీకే యాడ్ అంటే ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చెయ్యమని చెప్పడం, అంతే.

మిగతా అపోహల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్ లోపలి ఏపీకే ఫోల్డర్‌లో వరల్డ్ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఇంట్లో నెల సరుకుల చీటీ లాంటిది. ఏపీకే యాడ్ అన్న ప్రతిసారీ ఆ పేరు చీటీలోకి ఎక్కుతుంది, ఏపీకే డెల్ అంటే చీటీలోంచి కొట్టివేస్తుంది. ఆ తర్వాత ఏపీకే చేసే పని ఒక్కటే: చీటీలో ఉన్నవీ, వాటికి కావలసినవీ ఉండేలా, ఎవరికీ అక్కర్లేనివి ఉండకుండా సిస్టమ్‌ను సర్దడం.

అందుకే ఉబుంటులో ఉన్న ఆటోరిమూవ్ ఆదేశం ఇక్కడ లేదు. ఒక ప్రోగ్రామ్‌ను తీసేస్తే దానికోసం మాత్రమే వచ్చిన లైబ్రరీలు (ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్ మూటలు) అప్పుడే వెళ్లిపోతాయి. పైథాన్ లాంటిదాన్ని డెల్ చేసినప్పుడు వరల్డ్ మారింది గానీ ప్యాకేజీ తీయలేదని సందేశం వస్తే అది తప్పు కాదు. చీటీలో ఉన్న ఇంకేదో ప్రోగ్రామ్‌కు అది కావాలని అర్థం. ఆ ప్రోగ్రామ్ పేరు సందేశంలోనే ఉంటుంది. ముందుగా తెలుసుకోవాలంటే ఏపీకే ఇన్ఫో, మైనస్ చిన్న ఆర్, ప్యాకేజీ పేరు. ఏం వస్తాయో, ఏం పోతాయో డిస్క్‌ను ముట్టకుండా చూడాలంటే యాడ్ గానీ డెల్ గానీ చేసేటప్పుడు మైనస్ ఎస్ పెట్టండి. మామూలుగా ఏపీకే "చెయ్యమంటావా వద్దా" అని అడగదు, చేసేస్తుంది. అడగాలంటే మైనస్ ఐ.

ఈ చీటీని చేత్తో దిద్దుకోవచ్చు కూడా. దిద్దిన తర్వాత ఏ పేరూ ఇవ్వకుండా ఒట్టి ఏపీకే యాడ్ కొడితే సిస్టమ్ దానికి తగ్గట్టు మారుతుంది. లాడ్జిలో నాలుగు కౌంటర్లుంటే ఒకదాన్ని సరిగ్గా సిద్ధం చేసి, దాని వరల్డ్ ఫైలును మిగతా మూడింటికి కాపీ చేసి ఈ పని చేస్తే చాలు. కాపీకి ముందు లినక్స్-ఎల్‌టీఎస్ అనే కెర్నల్ (సిస్టమ్ గుండె), గ్రబ్ లాంటి బూట్‌లోడర్ (మెషీన్ ఆన్ కాగానే కెర్నల్‌ను లేపేది), ఫర్మ్‌వేర్ పేర్ల వరసలు ఆ మెషీన్‌కు సరిపోతాయో లేదో చూసుకోండి. పేరు ముందు ఆశ్చర్యార్థకం ఉంటే ఆ ప్యాకేజీని ఎప్పటికీ రానివ్వొద్దని అర్థం. పాత చీటీల్లో అది కనబడితే కంగారుపడి చెరిపేయకండి, ఎవరో కావాలనే పెట్టి ఉంటారు.

అపోహ: లైబ్రరీలన్నీ ముందే వేసిపెడితే తర్వాత ఇబ్బంది ఉండదు.

ఎక్కడో దొరికిన ముప్పై పేర్ల వరసను కాపీ చేసి యాడ్ కొట్టేవాళ్లున్నారు. ఆ ముప్పై చీటీలోకి ఎక్కుతాయి. రేపు అసలు ప్రోగ్రామ్‌ను తీసేసినా అవి కదలవు, ఎందుకంటే అడిగింది మీరే. పెద్ద వెర్షన్ మారినప్పుడు వాటిలో ఒక లైబ్రరీ పేరు మారిందంటే అప్‌గ్రేడ్ అక్కడే ఆగుతుంది. కావలసిన ప్రోగ్రామ్ పేరు ఒక్కటే చెప్పండి, దాని బలగాన్ని అది తెచ్చుకుంటుంది.

సోర్స్ కోడ్ నుంచి ఏదైనా ప్రోగ్రామ్ కట్టుకోవడానికి, అంటే కంపైల్ చేయడానికి, తాత్కాలికంగా జీసీసీ, మేక్ అనే పనిముట్లు కావాలంటే వర్చువల్ అనే సౌకర్యం ఉంది: ఏపీకే యాడ్, రెండు గీతలు పెట్టి వర్చువల్, చుక్కతో మొదలయ్యే ఒక పేరు, ఉదాహరణకు చుక్క బిల్డ్-డెప్స్, ఆ తర్వాత జీసీసీ, మేక్, మజిల్-డెవ్. చీటీలో చుక్క పేరు ఒక్కటే ఉంటుంది. పని అయ్యాక ఆ ఒక్క పేరును డెల్ చేస్తే మూట మొత్తం పోతుంది. పాత 40 జీబీ డిస్క్‌ల మీద ఈ తేడా తెలుస్తుంది.

అపోహ: "నో సచ్ ప్యాకేజీ" అంటే ఆల్పైన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ లేనట్టే.

నాలుగు సంగతులు చూడకుండా ఆ మాట అనకండి. మొదటిది, ప్యాకేజీలను ఏ నిల్వల (రిపాజిటరీల) నుంచి తేవాలో రాసి ఉండే ఈటీసీ ఏపీకేలోని రిపాజిటరీస్ ఫైలు. అందులో కమ్యూనిటీ వరస ముందు హ్యాష్ గుర్తు ఉంటే అది నిద్రపోతున్నట్టు. ఫైర్‌ఫాక్స్ లాంటి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు చాలావరకు అందులోనే ఉంటాయి. హ్యాష్ తీసి ఏపీకే అప్‌డేట్ కొట్టండి. రెండోది, పాతబడిన సూచిక, అంటే సర్వర్లో ఏమున్నాయో చెప్పే జాబితా. సూచికలో ఉన్న ప్యాకేజీ సర్వర్లో దొరకలేదని చెబితే మందు అదే, ఏపీకే అప్‌డేట్. మైనస్ పెద్ద యూ పెడితే ఇన్‌స్టాల్‌తో పాటే సూచిక కూడా తాజా అవుతుంది.

మూడోది, పేరు వేరు కావడం. మీకు ఆదేశం పేరు తెలుసు గానీ అది ఏ ప్యాకేజీలో ఉందో తెలియదు. అప్పుడు ఏపీకే సెర్చ్ తర్వాత సీఎండీ, కోలన్, ఆదేశం పేరు కలిపి రాయండి. నాలుగోది, 32 బిట్ మెషీన్. ఆల్పైన్ 32 బిట్ ఎక్స్86కు వస్తుంది, కానీ 64 బిట్‌కు ఉన్న ప్రతి ప్యాకేజీ దానికి ఉండదు.

"అన్‌ఏబుల్ టు లాక్ డేటాబేస్" తర్వాత పర్మిషన్ డినైడ్ అని ఉంటే మీరు రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) కాదు. తాత్కాలికంగా దొరకడం లేదని ఉంటే ఇంకో ఏపీకే నడుస్తోంది, కాసేపు ఆగండి.

అపోహ: సర్టిఫికెట్ తప్పని వస్తే అలౌ-అన్‌ట్రస్టెడ్ పెడితే సరిపోతుంది.

ఈ ఒక్క అలవాటు మానితే చాలు. పాత మదర్‌బోర్డు మీద సీఆర్2032 సెల్లు చచ్చిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. సర్వర్ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని కంప్యూటర్ అనుకుంటుంది, హెచ్‌టీటీపీఎస్ తెగిపోతుంది. ముందు డేట్ అని కొట్టి చూడండి. తప్పుగా ఉంటే ఎన్‌టీపీడీ, మైనస్ ఎన్, మైనస్ క్యూ, మైనస్ పీ, ఆ తర్వాత పూల్ చుక్క ఎన్‌టీపీ చుక్క ఆర్గ్. సమయం సరిపడ్డాక హెచ్‌డబ్ల్యూక్లాక్ మైనస్ డబ్ల్యూ. ఆపైన సెల్లు మార్చండి, లేకుంటే రేపు కరెంటు పోతే మళ్లీ ఇదే కథ.

అలౌ-అన్‌ట్రస్టెడ్ ఈ సమస్యను తాకనైనా తాకదు. అది తీసేసేది వేరే కాపలాని: ఆల్పైన్ సంతకం లేని ప్యాకేజీని ఎక్కనివ్వని కాపలాని. ఆ సంతకాల్ని సరిచూసే తాళాలు ఈటీసీ ఏపీకేలోని కీస్ ఫోల్డర్‌లో ఉంటాయి. మీరే తయారు చేసుకున్న ప్యాకేజీకి తప్ప ఆ మాట వాడే అవసరం రాదు.

అపోహ: ఏపీకే అప్‌గ్రేడ్ కొడుతుంటే కొత్త వెర్షన్ అదే వస్తుంది.

రాదు. రిపాజిటరీస్ ఫైల్లో వి3.21 అని రాసి ఉంటే ఎన్నేళ్లు అప్‌గ్రేడ్ కొట్టినా 3.21 లోపలే తిరుగుతారు. ఆల్పైన్ కొత్త వెర్షన్ దాదాపు ఆరు నెలలకొకటి వస్తుంది. మెయిన్ రిపాజిటరీకి రెండేళ్లు భద్రతా సవరణలు ఉంటాయి. కమ్యూనిటీకి మాత్రం తర్వాతి వెర్షన్ వచ్చేవరకే. "రెండేళ్ల సపోర్టు ఉందిలే" అని బ్రౌజర్ వాడే మెషీన్‌ను వదిలేసేవాళ్లు పట్టించుకోనిది ఇదే. ఇంటర్నెట్ సెంటర్ మెషీన్‌ను ఆరు నెలలకోసారి మార్చక తప్పదు.

మార్చే వరస ఇది. రిపాజిటరీస్ ఫైల్లో వెర్షన్ అంకె మార్చండి. ఏపీకే అప్‌డేట్. ముందుగా ప్యాకేజీ మేనేజర్‌నే కొత్తది చేసుకోండి: ఏపీకే యాడ్, రెండు గీతల అప్‌గ్రేడ్, ఏపీకే-టూల్స్. తర్వాత ఏపీకే అప్‌గ్రేడ్, రెండు గీతల అవైలబుల్. సింక్, రీబూట్. అవైలబుల్ అనే మాట వదిలేస్తే, కొత్త రిపాజిటరీలో లేని పాత వెర్షన్లు కొన్ని అలాగే మిగిలిపోయి సగం పాత సగం కొత్త సంసారం అవుతుంది.

రీబూట్ రేపు చేద్దాంలే అనుకుంటే ఒక చిక్కుంది. కెర్నల్ మారినప్పుడు నడుస్తున్న పాత కెర్నల్‌కు చెందిన మాడ్యూళ్లు డిస్క్ మీద నుంచి పోతాయి. అప్పటిదాకా లోడ్ కాని డ్రైవర్లు ఇక దొరకవు. మధ్యాహ్నం అప్‌గ్రేడ్ చేసి, సాయంత్రం ఎవరో పెన్‌డ్రైవ్ పెడితే అది తెరుచుకోదు. పెన్‌డ్రైవ్‌ను తిట్టుకోవడం దండగ. కౌంటర్ మూసే ముందు చేసి, వెంటనే రీబూట్ చేయండి.

మీరు దిద్దిన సెట్టింగ్ ఫైళ్లను అప్‌గ్రేడ్ తుడిచేస్తుందన్న భయం అక్కర్లేదు. కొత్త ఫైలు పక్కన చుక్క ఏపీకే-న్యూ తోకతో పడుతుంది. అప్‌డేట్-కాన్ఫ్ అనే ఆదేశం రెండింటి తేడా చూపించి ఏది ఉంచాలో అడుగుతుంది.

అపోహ: వెర్షన్‌ను కట్టేస్తే స్థిరంగా ఉంటుంది.

పేరు తర్వాత సమానం గుర్తు పెట్టి, చివరుండే ఆర్0 (ఆల్పైన్ సవరణ అంకె) దాకా పూర్తి వెర్షన్ రాస్తారు. ఆల్పైన్ స్థిర రిపాజిటరీలో ఆర్1 రాగానే ఆర్0 పోతుంది. ఆ మెషీన్‌కు సవరణలు ఆగిపోతాయి. ఆ చీటీనే కొత్త మెషీన్‌కు కాపీ చేస్తే అక్కడ అసలు ఇన్‌స్టాలే కాదు. కట్టాలనుకుంటే సమానం బదులు టిల్డా (~) పెట్టి మొదటి రెండంకెలే ఇవ్వండి, ఆ వరుసలో సవరణలు వస్తుంటాయి. కట్టు విప్పాలంటే వెర్షన్ లేకుండా అదే పేరుతో మళ్లీ ఏపీకే యాడ్.

ఇంకా తయారవుతున్న కొత్త ప్యాకేజీలుండే ఎడ్జ్ రిపాజిటరీని స్థిర వెర్షన్‌తో నేరుగా కలపడం ఇంకా చెడ్డ పని. ఒక్క ప్రోగ్రామ్ కోసం కలిపితే అప్‌గ్రేడ్‌లో వందల ప్యాకేజీలు ఎడ్జ్‌కు జారుకుంటాయి. తప్పదంటే ఆ వరస ముందు @ఎడ్జ్ అని గుర్తు పెట్టి, కావలసిన ఒక్క ప్యాకేజీ పేరు చివర అదే గుర్తు తగిలించండి.

అపోహ: ఇన్‌స్టాల్ అయిందంటే నడుస్తున్నట్టే.

డెబియన్ అనే ఇంకో లినక్స్‌లో సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ కాగానే మొదలవుతుంది. ఇక్కడ మొదలవదు. జిరాక్స్ షాపులో ప్రింటర్లను నడిపే కప్స్ వేసి "ప్రింటర్ కనబడదే" అనేది ఇందుకే. ఆర్‌సీ-అప్‌డేట్ యాడ్ కప్స్‌డీ, ఆర్‌సీ-సర్వీస్ కప్స్‌డీ స్టార్ట్ రెండూ కొట్టాలి. మొదటిది రేపటి బూట్‌కు, రెండోది ఇప్పటికి. తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపించేదీ ఇలాంటిదే. ఫాంట్ విడిగా అడగాలి: ఫాంట్-నోటో-తెలుగు. మాన్యువల్ పేజీలు కూడా అడిగితేనే వస్తాయి: మ్యాన్‌డాక్, డాక్స్.

అపోహ: లినక్స్‌ది ఏదైనా ఇందులో నడుస్తుంది.

2014లో వచ్చిన 3.0 నుంచి ఆల్పైన్ మజిల్ అనే సీ లైబ్రరీ (దాదాపు ప్రతి ప్రోగ్రామ్ ఆధారపడే మూల లైబ్రరీ) మీద నడుస్తోంది. ఉబుంటు, ఫెడోరా జీలిబ్‌సీ మీద. జీలిబ్‌సీ కోసం కట్టిన ఫైలును నడిపితే "నాట్ ఫౌండ్" అంటుంది. ఫైలు కళ్ల ముందే ఉంటుంది, దొరకనిది దాన్ని లోడ్ చేసే లింకర్. జీకాంపాట్ ప్యాకేజీతో చిన్నవి కొన్ని నడుస్తాయి, పెద్దవాటి మీద ఆశ పెట్టుకోవద్దు. పైథాన్‌లో పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పనిముట్టు) కూడా మజిల్‌కు సిద్ధంగా కట్టిన ఫైలు దొరక్కపోతే కంపైల్‌కు దిగుతుంది, పాత మెషీన్ మీద గంటలు పడుతుంది. ముందు పీవై3 అని మొదలయ్యే ఆల్పైన్ ప్యాకేజీ ఉందేమో వెతకండి.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడే ఆడిటర్ ఆఫీసుకు మేం ఆల్పైన్ చెప్పం. డ్రైవర్లు డెబ్, ఆర్‌పీఎం మూటలుగా జీలిబ్‌సీ కోసమే వస్తాయి. అక్కడికి తేలికపాటి డెబియన్ మేలు.

అపోహ: నెట్ లేని చోట ఏపీకే పనికిరాదు. క్యాష్ మాత్రం రోజూ తుడవాలి.

రెండూ తప్పే. హార్డ్‌డిస్క్ ఇన్‌స్టలేషన్‌లో దింపిన ప్యాకేజీల కాపీలు దాచే క్యాష్ మామూలుగా ఉండదు, తుడవడానికేం లేదు. సిగ్నల్ సరిగా అందని పల్లెలో మెషీన్ ఉంటే టౌన్‌లో ఏపీకే ఫెచ్, మైనస్ పెద్ద ఆర్, మైనస్ ఓ, పెన్‌డ్రైవ్ దారి, ప్యాకేజీ పేరు కొట్టండి. బలగంతో సహా దిగుతుంది. అక్కడికెళ్లి ఏపీకే యాడ్, రెండు గీతల నో-నెట్‌వర్క్, పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు. రెండు మెషీన్లూ ఒకే ఆల్పైన్ వెర్షన్, ఒకే బిట్ కావాలి. 64 బిట్ మెషీన్ నుంచి 32 బిట్ వాటికి దింపాలంటే ఫెచ్‌లో రెండు గీతల ఆర్చ్, ఎక్స్86 కలపండి.

క్యాష్ నిజంగా కావలసింది డిస్క్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి బూట్ అయ్యే డిస్క్‌లెస్ పద్ధతిలో. అక్కడ ఏపీకే యాడ్ చేసిందంతా ర్యామ్‌లోనే ఉంటుంది. సెటప్-ఏపీకేక్యాష్‌తో పెన్‌డ్రైవ్ మీద క్యాష్ చోటు చూపించాలి, ప్రతి మార్పు తర్వాత దాన్ని భద్రపరిచే ఎల్‌బీయూ కమిట్ కొట్టాలి. ఇది చెప్పకుండా మెషీన్ అప్పజెబితే మర్నాడు పొద్దున్నే ఫోన్ వస్తుంది: "స్వామీ, నిన్న వేసిందంతా మాయమైపోయిండాది!"